క్రమం తప్పడం లేదు, అయినా మెరుగుదల ఆగిపోయింది: వ్యాయామ తీవ్రతను ఎలా మార్చుకోవాలి?

నాగావళి_గట్టు
శ్రీకాకుళంలో ఉంటున్నాను. వయసు నలభైకి దగ్గరపడింది, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఉదయం గ్రౌండులో నలభై నిమిషాలు పరుగెత్తుతాను, వారంలో మూడు సాయంత్రాలు జిమ్‌కు వెళ్తాను. మొదలుపెట్టిన కొత్తలో నెల తిరిగేసరికి తేడా కనిపించేది. నడుము తగ్గింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది, రాడ్డు మీద బరువు పెరుగుతూ వచ్చింది. సంక్రాంతి తరువాత మాత్రం అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అవే నలభై నిమిషాలు, అవే రౌండ్లు, స్క్వాట్‌లో (భుజాల మీద రాడ్డు పెట్టుకుని కూర్చుని లేవడం) అదే 60 కిలోలు, సెట్టుకు అవే పది సార్లు. జిమ్ ట్రైనర్ ఇంకో అరగంట పెంచమంటున్నారు. ఆఫీసులో ఒకరు వారానికోసారి వ్యాయామాలన్నీ మార్చేయమంటున్నారు. ఇంకొకరు ఈ వయసులో ఇంతకంటే ఆశించకూడదని తేల్చేశారు. మార్చవలసింది సమయమా, బరువా, వేగమా, వ్యాయామాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బస్కీల_మాస్టారు
క్రమం తప్పకుండా చేస్తున్నారంటే సగం పని అయినట్టే. మా విజయనగరంలో తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో పెరిగిన పాతతరం వారు దండీలు, బస్కీలు, గద తిప్పడం తప్ప మరొకటి ఎరుగరు. వారిలో ముసలితనంలో కూడా నిటారుగా నడిచినవారిని నేను చూశాను. ప్రతి నెలా ఏదో ఒకటి పెరగాలన్న తొందర వల్లనే కుర్రవాళ్లు మోకాళ్లు, నడుములు పాడుచేసుకుంటున్నారు. చేస్తున్నది మానకుండా చేయండి, మిగిలినది శరీరమే చూసుకుంటుంది.

విజ్జీ_రన్నర్
మాస్టారు చెప్పినది ఉన్న ఆరోగ్యాన్ని నిలబెట్టుకోవడానికి సరిపోతుంది, కానీ ఇక్కడ అడిగినది పెంచుకోవడం గురించి. నాగావళి గట్టు గారూ, ఒక్క విషయం చెప్పండి. ఆ నలభై నిమిషాలూ పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలరా?

నాగావళి_గట్టు
పూర్తిగా మాట్లాడలేను, అలాగని నోరు పెగలనంత ఆయాసమూ ఉండదు. ఒకటి రెండు చిన్న వాక్యాలు చెప్పగలను. ప్రతిరోజూ అలాగే ఉంటుంది.

విజ్జీ_రన్నర్
చిక్కంతా అక్కడే ఉంది. మీరు ప్రతిరోజూ మధ్యరకం తీవ్రతతో పరుగెత్తుతున్నారు. తేలికగా పరుగెత్తిన రోజున దక్కవలసిన విశ్రాంతి మీకు దక్కడం లేదు, గట్టిగా పరుగెత్తిన రోజున గుండెకు, కాళ్లకు అందవలసిన ఒత్తిడీ అందడం లేదు. అన్నం వండేటప్పుడు ఎసరు మరిగేదాకా పెద్ద మంట పెట్టి, ఆ తరువాత సన్నసెగ మీద మగ్గనిస్తాం. మొదటి నుంచి చివరి దాకా ఒకే నడిమంట మీద ఉంచితే అడుగు మాడి పైన పలుకుగా మిగిలిపోతుంది. తేలిక రోజును నిజంగా తేలికగా, గట్టి రోజును నిజంగా గట్టిగా చేసుకుంటే చాలు, మీరు కేటాయించే సమయం ఒక్క నిమిషం కూడా పెంచనక్కరలేదు.

జిమ్_కుర్రాడు_80అడుగులరోడ్డు
ఇంత ఆలోచన అవసరం లేదనిపిస్తోంది. కండరం ఒకే వ్యాయామానికి అలవాటు పడిపోతుంది కాబట్టి వారానికోసారి వ్యాయామాలన్నీ మార్చేయాలి, అప్పుడు కండరానికి తికమక కలిగి పెరుగుతుంది. మా జిమ్‌లో అందరూ ఇదే పాటిస్తారు.

సిక్కోలు_ఫిజియో
తికమక పడటం వల్ల కండరం పెరగదు. కొత్త వ్యాయామం మొదలుపెట్టిన మొదటి వారాల్లో బరువు వేగంగా పెరిగినట్టు కనిపించడానికి ప్రధాన కారణం, ఆ కదలికను నాడీవ్యవస్థ నేర్చుకోవడం. ఆ నేర్పు స్థిరపడేలోపే మరో వ్యాయామానికి మారిపోతే ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉంటాం, దేనిలో ఎంత పెరిగామో కొలుచుకోవడానికి ఆధారమే మిగలదు. ప్రధానమైన నాలుగైదు వ్యాయామాలను నెలల తరబడి అలాగే ఉంచి, వాటి తీవ్రతను మార్చాలి.

విజ్జీ రన్నర్ గారి మాటకు కారణం కూడా చెబుతాను. వ్యాయామం చేస్తున్న సమయంలో మనం బలపడం, అలసిపోతాం. బలపడటం ఆ తరువాతి విశ్రాంతిలో, నిద్రలో, తిండిలో జరుగుతుంది. ఇచ్చిన ఒత్తిడి శరీరానికి కొత్తగా అనిపించినప్పుడే అది తనను తాను సవరించుకుంటుంది, అలవాటైన ఒత్తిడికి సవరణ అక్కరలేదు. 1940లలో థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు యుద్ధంలో గాయపడిన సైనికుల చికిత్సలో ఈ సూత్రాన్నే వాడారు. అప్పటిదాకా తేలికపాటి కదలికలను ఎక్కువసార్లు చేయించడమే ఆనవాయితీగా ఉండేది. ఆయన బరువు పెట్టి, కోలుకుంటున్న కొద్దీ ఆ బరువును పెంచుతూ పోయారు. ఈనాటి జిమ్‌లలో సెట్లు, పది సార్ల లెక్క స్థిరపడటంలో ఆయన పాత్ర పెద్దది.

ఇక పరుగు సంగతి. నెమ్మదిగా సాగే దీర్ఘమైన పరుగు కండరాల్లో సన్నని రక్తనాళాలను, ఆక్సిజన్ వాడుకునే శక్తిని పెంచుతుంది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపేలా తయారు కావాలంటే దాన్ని అప్పుడప్పుడు గరిష్ఠానికి దగ్గరగా పనిచేయించాలి. నార్వేలో జరిగి 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా నాలుగు విడతలు పరుగెత్తినవారికి, అంతే మొత్తం పనిని ఒకే మోస్తరు తీవ్రతతో చేసినవారికంటే ఎక్కువ ఫలితం కనిపించింది. గట్టిగా అంటే గరిష్ఠ గుండె వేగంలో 90 నుంచి 95 శాతం. నాగావళి గట్టు గారు వారానికి ఒక్క రోజు దీనితో మొదలుపెట్టవచ్చు. అయితే మొదటి విడతలోనే ప్రాణం పెట్టి పరుగెత్తకూడదు, నాలుగో విడతను కూడా మొదటి విడత వేగంతోనే ముగించగలగాలి.

జిమ్_కుర్రాడు_80అడుగులరోడ్డు
గరిష్ఠ గుండె వేగం అంటే 220లో నుంచి వయసును తీసేస్తే వచ్చేదే కదా?

సిక్కోలు_ఫిజియో
అది జనాభా మొత్తానికి సగటు మాత్రమే. ఒక్కో మనిషి విషయంలో ఆ లెక్క పది పన్నెండు స్పందనలు అటూ ఇటూ తప్పడం మామూలే. చేతి గడియారం చూపే అంకె కంటే మాట్లాడగలగడమే నమ్మదగిన కొలత. తేలిక పరుగులో పూర్తి వాక్యాలు ధారాళంగా రావాలి, గట్టి విడతలో రెండు మూడు మాటలకు మించి రాకూడదు.

సైన్యానికి_సిద్ధం
మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఆర్మీ భర్తీ ర్యాలీకి తయారవుతున్నాను. 1600 మీటర్ల పరుగుకు పూర్తి మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్ల లోపు ముగించాలి. నేను ఆరు నిమిషాల పైన కొద్ది సెకన్ల దగ్గర ఆగిపోయాను. మా ఊరి కుర్రాళ్లమంతా రోజూ తెల్లవారుజామున పూర్తి 1600 మీటర్లు శక్తికొద్దీ పరుగెత్తి టైమ్ చూసుకుంటాం. అన్నలు ఎవరైనా దారి చెప్పండి.

విజ్జీ_రన్నర్
తమ్ముడూ, రోజూ పరీక్ష రాస్తూ ఉంటే చదువుకునేది ఎప్పుడు? ఆ టైమ్ చూసుకోవడం పక్షానికి ఒకసారి చాలు. ముందుగా లెక్క చూడండి. 5 నిమిషాల 30 సెకన్లు అంటే 330 సెకన్లు, నాలుగు రౌండ్లు, ఒక్కో 400 మీటర్ల రౌండుకు 82.5 సెకన్లు. మీ ఇప్పటి వేగంలో రౌండుకు 90 సెకన్లు దాటుతోంది. అంటే మీ కాళ్లు ఇంతవరకు కావలసిన వేగంతో పరుగెత్తనే లేదు. తెలియని వేగం పరీక్ష రోజున ఎలా వస్తుంది?

వారానికి ఒక రోజు 200 మీటర్లను 41 సెకన్లలో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ అలాగే ఎనిమిది విడతలు చేయండి. 41 సెకన్లు అంటే 41 సెకన్లే. హుషారుగా ఉందని 36లో పరుగెత్తితే ఆరో విడతకు కాళ్లు బిగుసుకుపోతాయి. ఇది సౌకర్యంగా అనిపించినప్పుడు అదే వేగంతో 300 మీటర్లు, అంటే సుమారు 62 సెకన్లు, విడతల సంఖ్య ఆరుకు తగ్గించండి. ఆ తరువాత 400 మీటర్లు 82 సెకన్లలో, ఐదు విడతలు. వేగం మారదు, దూరం పెరుగుతుంది. వారంలో మరో గట్టి రోజు, సిక్కోలు ఫిజియో గారు చెప్పిన నాలుగు నిమిషాల విడతలు. మిగిలిన రోజుల్లో కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా ముప్పై, నలభై నిమిషాలు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. పొట్టి దూరాలకు ఫోను చూపే కొలతను నమ్మకండి, 200 మీటర్లలో పది మీటర్లు తేడా వచ్చినా మీ 41 సెకన్లకు అర్థం ఉండదు. టేపుతో నేరుగా ఉన్న దారి కొలిచి, రెండు చివరలా సున్నంతో గీత గీసుకోండి.

సైన్యానికి_సిద్ధం
నెమ్మదిగా పరుగెత్తితే వేగం తగ్గిపోతుందని మా సీనియర్లు భయపెడతారు అన్నా. అందరూ ముందుకు వెళ్లిపోతుంటే నేను ఒక్కడినే వెనక పరుగెత్తడం కష్టంగా ఉంటుంది.

విజ్జీ_రన్నర్
వెనక పరుగెత్తగలగడం కూడా సాధనలో భాగమే తమ్ముడూ. మంగళవారం ఉదయం మీ కాళ్లు తాజాగా ఉండాలంటే సోమవారం వారిని ముందుకు వెళ్లనివ్వాలి.

నెల్లిమర్ల_రాడ్డు
పరుగు గురించి చాలా చెప్పారు, బరువుల గురించి నేను చెబుతాను. మాకు దగ్గరలోని కొండవెలగాడ ఊరు వెయిట్‌లిఫ్టర్లకు పేరుపడింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం సాధించిన మత్స సంతోషిది ఆ ఊరే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఇంత దగ్గరలో ఇంతటి సంప్రదాయం ఉండి కూడా, మన జిమ్‌లలో రోజూ అదే బరువు, అవే పది సార్లు చేయించడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

వెయిట్‌లిఫ్టింగ్ సాధనలో ప్రతి బరువునూ ఆ మనిషి ఎత్తగల గరిష్ఠంలో ఎన్నో శాతంగా లెక్కిస్తారు. సోవియట్ శిక్షకుడు ప్రిలెపిన్ పేరున ఒక పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని ప్రకారం గరిష్ఠంలో 70 నుంచి 80 శాతం బరువుతో ఒక రోజు మొత్తం 12 నుంచి 24 సార్లు, 80 నుంచి 90 శాతంతో 10 నుంచి 20 సార్లు, 90 శాతం దాటితే 4 నుంచి 10 సార్లు మాత్రమే ఎత్తాలి. బరువు పెరిగే కొద్దీ సంఖ్య ఎలా తగ్గుతోందో గమనించండి. పోటీలకు వెళ్లేవారే ప్రతిరోజూ గరిష్ఠ బరువు జోలికి పోకపోతే, మనకు ఆ అవసరం ఎక్కడిది?

నాగావళి గట్టు గారు 60 కిలోలతో పది సార్లు చేస్తున్నారు కాబట్టి ఆయన గరిష్ఠం 80 కిలోల చుట్టుపక్కల ఉంటుందని అంచనా వేయవచ్చు. మూడు సాయంత్రాలను మూడు రకాలుగా విడదీయండి. ఒక రోజు 65 కిలోలు, ఐదు సెట్లు, సెట్టుకు నాలుగు సార్లు, సెట్ల మధ్య మూడు నిమిషాల విశ్రాంతి. ఒక రోజు 50 కిలోలు, మూడు సెట్లు, ఎనిమిదేసి సార్లు, లేచేటప్పుడు వేగంగా లేవాలి. మూడో రోజు 60 కిలోలు, మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిదితో మొదలుపెట్టి వారాలు గడిచే కొద్దీ పన్నెండుకు చేర్చండి. మూడు సెట్లలోనూ పన్నెండు చక్కగా వచ్చినప్పుడు ఆ రోజు బరువు పెంచి మళ్లీ ఎనిమిది దగ్గర మొదలుపెట్టాలి.

నాగావళి_గట్టు
నెల్లిమర్ల రాడ్డు గారూ, మా జిమ్‌లో అన్నింటికంటే చిన్న ప్లేటు 2.5 కిలోలది. రెండు వైపులా వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరిగిపోతుంది. స్క్వాట్‌లో సర్దుకోవచ్చు కానీ బెంచ్ ప్రెస్‌లో (బల్ల మీద పడుకుని రాడ్డును పైకి నెట్టడం) 40 నుంచి 45కు వెళ్తే నాలుగోసారికే రాడ్డు గుండెల మీద ఆగిపోతోంది.

నెల్లిమర్ల_రాడ్డు
అందుకే సంఖ్యను పన్నెండు దాకా పెంచమన్నాను, అప్పటికి ఆ 5 కిలోల దూకుడును తట్టుకునే బలం వచ్చి ఉంటుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. మందపాటి గుడ్డతో రెండు చిన్న సంచులు కుట్టించి, ఒక్కో దానిలో కిలోంబావు ఇసుక కిరాణా కొట్టు కాటా మీద తూకం వేసి నింపండి. రాడ్డుకు రెండు వైపులా ప్లేట్ల పక్కన, జారకుండా బిగించి కట్టండి. 42.5 కిలోలు అవుతుంది. జిమ్ యజమానిని 1.25 కిలోల ప్లేట్లు ఒక జత తెప్పించమని అడగడం అన్నింటికంటే మంచిది, అందరికీ పనికొస్తాయి.

బస్కీల_మాస్టారు
ఈ శాతాలు, పట్టికలు లేని రోజుల్లోనే మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు దేశమంతా కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. పట్టుదల ముందు, లెక్క తరువాత.

నెల్లిమర్ల_రాడ్డు
ఆయన మీద నాకున్న గౌరవం మీకున్నంతే, మాస్టారూ. కానీ అంత బరువులు మోసినవారు మొదటి రోజే వాటిని మోయలేదు కదా. తాలింఖానాలో కూడా గురువు శిష్యుడికి ముందు చిన్న గద ఇచ్చి, చేయి తిరిగాక పెద్ద గద ఇస్తారు. కాగితం మీద రాయలేదు కాబట్టి అక్కడ లెక్క లేదని అనుకోకూడదు, ఆ లెక్క గురువు కంట్లో ఉంటుంది. అలాంటి గురువు అందుబాటులో లేనివారికే నోటు పుస్తకం కావాలి.

బస్కీల_మాస్టారు
గద సంగతి మీరు చెప్పినది నిజమే. బస్కీలకు కూడా అదే వర్తిస్తుందంటారా? బరువు పెంచడానికి అక్కడ ఏమీ ఉండదు.

సిక్కోలు_ఫిజియో
నిస్సందేహంగా వర్తిస్తుంది. కిందికి దిగేటప్పుడు మనసులో నాలుగు లెక్కపెడుతూ దిగి, అడుగున ఒక క్షణం ఆగి లేస్తే సగం సంఖ్యకే తొడలు మండుతాయి. ఇంకో రోజు సంఖ్య పెంచి మామూలు వేగంతో చేయవచ్చు. దండీలలో కాళ్లను బల్ల మీద పెడితే తీవ్రత పెరుగుతుంది, చేతులను బల్ల మీద పెడితే తగ్గుతుంది.

ఇంట్లోనే_ఫిట్
జిమ్, గ్రౌండు అవసరం లేకుండా టబాటా చేయవచ్చు కదా. ఇరవై సెకన్లు గట్టిగా, పది సెకన్లు విశ్రాంతి, ఎనిమిది సార్లు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. నేను ప్రతిరోజూ ఉదయం వీడియో పెట్టుకుని చేస్తాను.

సిక్కోలు_ఫిజియో
ప్రతిరోజూ చేయగలుగుతున్నారంటే అది అసలు టబాటా తీవ్రతలో లేదని అర్థం. 1996లో జపాన్ పరిశోధకుడు ఇజుమి టబాటా బృందం ప్రచురించిన ప్రయోగంలో, ఆక్సిజన్ వినియోగం గరిష్ఠానికి చేరే స్థాయికి సుమారు 170 శాతం తీవ్రతతో సైకిలు యంత్రం తొక్కించారు. ఏడెనిమిది విడతలకే ఇక తొక్కలేని స్థితికి చేరుకునేవారు. అది కూడా వారానికి నాలుగు రోజులే, ఐదో రోజున అరగంట సేపు ఓ మోస్తరు తీవ్రతతో తొక్కేవారు. మీరు చేస్తున్నది మంచి వ్యాయామమే, మానవద్దు. పేరులో ఉన్న ఫలితం మాత్రం ఆ తీవ్రతను బట్టి వస్తుంది, గడియారంలోని ఇరవై, పది అంకెలను బట్టి రాదు.

గంటస్తంభం_వీధి
విజయనగరంలో ఉంటాను, యాభై దాటిన గృహిణిని. బీపీకి, షుగరుకు మాత్రలు వేసుకుంటున్నాను. రోజూ ఉదయం గంటసేపు నడుస్తాను. మొదట్లో షుగరు బాగా తగ్గింది, ఇప్పుడు అక్కడే నిలిచిపోయింది. ఈ తీవ్రత మార్చడం అనేది మా వంటివారికి కూడా పనికివస్తుందా, లేక కుర్రవాళ్లకేనా?

సిక్కోలు_ఫిజియో
మీకు ఇంకా బాగా పనికివస్తుందమ్మా, జాగ్రత్తలు పాటిస్తే. జపాన్‌లో షిన్షు విశ్వవిద్యాలయం వారు నడివయసు వారి చేత, పెద్దవారి చేత ఇలాంటి నడకనే చేయించారు. మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు మామూలుగా, అలా ఐదు విడతలు, వారానికి నాలుగు రోజులు. 2007లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఒకే మోస్తరుగా నడిచినవారికంటే ఇలా మార్చి నడిచినవారి తొడల బలం, శ్వాస సామర్థ్యం ఎక్కువగా పెరిగాయి, రక్తపోటు ఎక్కువగా తగ్గింది. మీరు వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు రెండు విడతలతో మొదలుపెట్టండి. వేగంగా నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరు గారిని రెండు విషయాలు అడగండి. బీపీ మాత్రల్లో అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి గుండె వేగాన్ని పెరగనివ్వవు, కాబట్టి ఆ మాత్రలు వాడేవారు గడియారంలోని గుండె వేగాన్ని చూసి ఇంకా గట్టిగా నడవాలనుకోకూడదు. షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ వంటివి, అలాగే ఇన్సులిన్, తీవ్రమైన వ్యాయామం తరువాత షుగరును ప్రమాదకరంగా పడేయవచ్చు, జేబులో గ్లూకోజు బిళ్లలో, చక్కెరో ఉండాలి. ఛాతీలో బిగువు, దవడకు గాని ఎడమ చేతికి గాని పాకే నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

గంటస్తంభం_వీధి
నా బీపీ మాత్ర మెటోప్రొలాల్. ఇన్నాళ్లూ గడియారం చూసి నా నడక చాలడం లేదని ఇంకా వేగంగా నడుస్తున్నాను. ఈ మాట ముందు ఎవరూ చెప్పలేదు.

కళింగపట్నం_తీరం
తీవ్రత గురించి చెప్పేటప్పుడు మన ఎండను, ఉక్కను మరిచిపోతున్నారు. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువగా ఉండటంతో చెమట పడుతుంది గాని ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. శరీరం వేడిని బయటికి పంపడానికి రక్తాన్ని చర్మానికి మళ్లిస్తుంది కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. డిసెంబరులో తేలికగా ఉన్న పరుగు మే నెలలో గట్టి పరుగు అయిపోతుంది, మనకు తెలియకుండానే. వేసవిలో వేగాన్ని చూడకుండా ఆయాసాన్ని చూసి పరుగెత్తాలి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో గట్టి విడతలు పెట్టుకోకూడదు.

సైన్యానికి_సిద్ధం
మా ఊళ్లో మే నెలలో కూడా ఉదయం ఏడు దాటాక పూర్తి వేగంతో పరుగెత్తేవారు ఉన్నారు. ఈ పోస్టు వారికి పంపిస్తాను.

ఉద్దానం_కొబ్బరితోట
సోంపేట వైపు నుంచి ఒక మాట. మా ప్రాంతంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో అందరికీ తెలుసు. గట్టి వ్యాయామం మొదలుపెట్టే కుర్రాళ్లకు నా విన్నపం ఏమిటంటే, ప్రొటీన్ పొడి డబ్బా కొనే ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. చాలామందికి జబ్బు ముదిరేదాకా ఏ లక్షణమూ కనిపించదు. నీళ్లు తాగకుండా ఎండలో పరుగెత్తడం గొప్పతనం కాదు.

సిక్కోలు_ఫిజియో
చాలా అవసరమైన మాట చెప్పారు. దీనికి రెండు విషయాలు కలుపుతాను. గట్టి వ్యాయామం మరునాడు ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు మందుల కొట్లో అడిగి వేసుకునే అలవాటు ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. ఆ నొప్పి రెండు మూడు రోజుల్లో తనంతట తానే పోతుంది, ఆ రోజుల్లో తేలికగా నడిస్తే చాలు. రెండవది, కండబలం కోసం జిమ్‌లలో వాడే క్రియాటిన్ పొడి తీసుకునేవారికి పరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు, అది వాడుతున్నట్టు డాక్టరుకు ముందే చెప్పాలి. కిడ్నీలు బాగున్నవారికి కూడా డబ్బాలతో పనిలేదు. ఉలవలు, పప్పు, గుడ్లు, చేపలు మన వంటింట్లో ఉన్నవే. పరుగు తరువాత చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలుపుకుంటే నీరు, లవణం, పిండి పదార్థం ఒకేసారి అందుతాయి. బీపీ ఉన్నవారు మాత్రం ఉప్పు తగ్గించుకోవాలి.

నాగావళి_గట్టు
అందరి మాటలూ కలిపి ఒక వారం రాసుకున్నాను, చూసి చెప్పండి. సోమవారం తేలిక పరుగు, సాయంత్రం 65 కిలోల రోజు. మంగళవారం నాలుగు నిమిషాల విడతలు. బుధవారం తేలిక పరుగు, సాయంత్రం 50 కిలోల రోజు. గురువారం విశ్రాంతి. శుక్రవారం తేలిక పరుగు, సాయంత్రం 60 కిలోల రోజు. శనివారం రెండో గట్టి పరుగు. ఆదివారం నడక.

నెల్లిమర్ల_రాడ్డు
సోమవారం సాయంత్రం బరువైన స్క్వాట్ చేసి మంగళవారం ఉదయమే గట్టి విడతలు పరుగెత్తితే రెండూ చెడతాయి. గట్టి పరుగు, బరువైన స్క్వాట్ ఒకే రోజున పెట్టుకోండి, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. అప్పుడు మరునాడు నిజంగా తేలికగా ఉంటుంది.

కళింగపట్నం_తీరం
ఉద్యోగం చేసే మనిషికి ఒకే రోజు రెండు గట్టి పనులు అంటే సాయంత్రానికి శక్తి మిగలదు. మధ్యలో ఒక రోజు ఎడం ఉంచితే మంచిదని నా అభిప్రాయం. సోమవారం బరువులు, బుధవారం గట్టి పరుగు పెట్టుకుని, 50 కిలోల రోజును గురువారానికి జరిపితే సరిపోతుంది.

విజ్జీ_రన్నర్
రెండూ పనిచేస్తాయి, ఆయన నిద్రను బట్టి ఎంచుకోవాలి. నా అభ్యంతరం శనివారం మీద. మొదటి నాలుగైదు వారాలు గట్టి పరుగు ఒక్కటే ఉండనివ్వండి. ప్రపంచస్థాయి క్రీడాకారులు నూటికి ఎనభై సాధనలు తేలికగానే చేస్తారని వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ గమనించి రాశారు.

కళింగపట్నం_తీరం
ఆ ఎనభై శాతం లెక్క వారానికి పదిహేను, ఇరవై గంటలు సాధన చేసేవారిది. నాలుగైదు గంటలే ఉన్నవారు దాన్ని యథాతథంగా పాటిస్తే గట్టి పని మరీ తక్కువైపోతుంది. అలవాటు పడ్డాక రెండు గట్టి పరుగులు ఆయనకు భారం కావు.

విజ్జీ_రన్నర్
అలవాటు పడ్డాక అన్న షరతుతో నేను అంగీకరిస్తాను. నాలుగో వారం మాత్రం తగ్గింపు వారం కావాలి. సెట్లను, పరుగు సమయాన్ని సగానికి తగ్గించండి, బరువును, వేగాన్ని తగ్గించకండి.

జిమ్_కుర్రాడు_80అడుగులరోడ్డు
వారం రోజులు సగమే చేస్తే ఉన్నది కరిగిపోదా?

సిక్కోలు_ఫిజియో
ఒక్క వారంలో బలం ఎక్కడికీ పోదు. పేరుకున్న అలసట పోతుంది, దాని కింద దాగి ఉన్న బలం బయటపడుతుంది. తగ్గింపు వారం తరువాతి సోమవారం అదే రాడ్డు తేలికగా అనిపిస్తే అది పనిచేసినట్టే. అనిపించకపోతే నిద్ర, తిండి చూసుకోవాలి. అవి కూడా సరిగ్గా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి.

రామతీర్థం_దారి
గట్టి పరుగుకు బదులుగా బోడికొండ మెట్లు ఎక్కవచ్చా? మా స్నేహితులం ఆదివారాలు పోటీపడి పరుగెత్తి ఎక్కుతాం.

బస్కీల_మాస్టారు
అది స్వామివారి కొండ, దర్శనానికి వచ్చే పెద్దవారు, పిల్లలు ఎక్కే మెట్లు. పోటీలు అక్కడ తగవు.

సిక్కోలు_ఫిజియో
మాస్టారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఎవరికీ అడ్డు కాకుండా వేగంగా నడిచి ఎక్కినా గుండెకు చాలినంత పని దొరుకుతుంది. మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే, కాబట్టి నెమ్మదిగా, ఒక్కో మెట్టు మీద పూర్తి పాదం మోపి దిగండి. పరుగే కావాలంటే వాహనాలు తిరగని, ఎగువకు ఎక్కే మట్టిరోడ్డు చూసుకుని, ముప్పై సెకన్లు పైకి పరుగెత్తి, నడిచి కిందికి రండి.

సైన్యానికి_సిద్ధం
అన్నా, ర్యాలీకి ముందు చివరి రెండు వారాలు ఏం చేయాలి? మావాళ్లు ఆ రోజుల్లోనే ఎక్కువగా పరుగెత్తుతారు.

విజ్జీ_రన్నర్
చివరి రెండు వారాల్లో కొత్తగా బలం రాదు తమ్ముడూ, వచ్చినది పోగొట్టుకోకుండా అలసటను దించుకోవాలి. మొత్తం దూరాన్ని సగానికి దగ్గరగా తగ్గించండి, 82 సెకన్ల వేగాన్ని మాత్రం వదలకండి. ఐదు విడతలు చేసే చోట మూడు చేయండి. చివరి గట్టి సాధనకు, ర్యాలీకి మధ్య మూడు రోజులు ఉండనివ్వండి. కొత్త బూట్లు ఆ వారంలో వేసుకోవద్దు. ముందు రాత్రి ప్రయాణం ఉంటుంది కాబట్టి బస్సులో నిద్ర సరిగ్గా పట్టదు, అంతకు ముందు రెండు రాత్రులు పెందలాడే పడుకోండి.